‘బిషప్పు’ అను మాట నడచివచ్చిన త్రోవ

మన సంఘములలో ‘బిషప్పుగారు’ అను మాట వినబడని ఇల్లు లేదు. ఇంగ్లీషువారి వలన మనకు వచ్చిన ఈ మాట వారి సొంత సొమ్మును కాదు. అది ఎచ్చటనుండి బయలుదేరినదో ఈ శతాబ్ది సంచికలో కొంచెము తెలిసికొందము.

గ్రీకు భాషలో ఇది ‘ఎపిస్కొపోస్’. ‘ఎపి’ అనగా పైన, ‘స్కొపోస్’ అనగా చూచువాడు. క్రీ.పూ. 5వ శతాబ్దములో ఏథెన్సువారు తమ ఏలుబడిలోని పట్టణములను తనిఖీ చేయ పంపిన అధికారులకు ఈ పేరుండెను. ఆ దినములలో అది సర్కారు మాటయే. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయములో పౌలు ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపించి, వారినందరిని ఈ మాటతోనే పేర్కొనెను. ఒక సంఘమునకు ఒక్క బిషప్పు, ఆయన క్రింద పెద్దలు అను ఏర్పాటు 2వ శతాబ్దారంభమున అంతియొకయ ఇగ్నేషియసు వ్రాసిన లేఖలలో తేటగా కనబడును.

లాటినులో ఇది ‘ఎపిస్కొపుస్’ ఆయెను. జనుల నోట మొదటి అచ్చు రాలిపోయి, ‘ప’కారము ‘బ’కారమైనది. పాత ఇంగ్లీషువారు ‘బిస్కోప్’ అని వ్రాసి ‘బిషోప్’ అని పలికిరి. అదే మాట ఫ్రెంచిలో ‘ఎవెక్’, స్పానిషులో ‘ఒబిస్పో’, జర్మనులో ‘బిషోఫ్’. రూపములు వేరైనను తల్లి ఒక్కతే.

ఇంకను వెనుకకు పోయినచో, చూచుట అను అర్థముగల ‘స్పెక్’ అను ఇండో-యూరోపియను ధాతువును పండితులు చూపుదురు. గ్రీకులో దాని హల్లులు తారుమారై ‘స్కెప్’ అయినది. సంస్కృతములో ‘స్పశ్’ అయినది. మనము దినదినము వాడు ‘స్పష్టము’ దానినుండి పుట్టినదే. కాగా ‘స్పష్టము’, ‘బిషప్పు’ దూరపు చుట్టములు!

తెలుగు బైబిలులో ఈ గ్రీకు మాటకు ‘అధ్యక్షుడు’ అని యున్నది. ‘అధి’ అనగా పైన, ‘అక్షి’ అనగా కన్ను. కౌటిల్యుని అర్థశాస్త్రములో ‘అధ్యక్షప్రచారము’ అను రెండవ అధికరణము పనులను కనిపెట్టి చూచు అధికారులను గూర్చినదే. అనువాదకులకు ఇంతకంటె సరియైన మాట దొరకదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొందిన వి.ఎస్. అజరయ్యగారు ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషప్పుగా దోర్నకలునకు వచ్చిరి. ఆనాటినుండి ఈ మాట మన పల్లెలలో మరింత మనదైనది.

నేడు అధ్యక్షుడనగా సభలోని నడిమి కుర్చీయే మనకు తోచును. మాటలో మాత్రము కన్నే యున్నది. మందలో ఏది కుంటుచున్నదో, ఏది వెనుకబడినదో చూచుట ఆ పేరులోని పని. ఎఫెసులో ఆ పేరు పెద్దలందరిది గనుక, పాస్టరేటు కమిటీలో కూర్చుండు మనకును ఆ పనిలో పాలున్నది.