గాలమున కెక్కిన ఈకలు

ఇనుపకొక్కెమునకు వానపామునో పిండిముద్దనో గ్రుచ్చి చేపను పట్టుట మన చెరువుగట్లమీద పసివారు సయిత మెఱిగిన పని. కాని ఆ కొక్కెమునకే పట్టుదారమును, ఉన్నిని, పక్షుల ఈకలను చుట్టి, నీటిపై వాలిన పురుగని మత్స్యమును భ్రమింపజేయు విద్య యొకటి ఐరోపాఖండమున బహుకాలమునుండి వర్ధిల్లుచున్నది. క్రీ.శ. 200 ప్రాంతమున గ్రీకుభాషలో జంతువుల వృత్తాంతములు రచించిన ఈలియను, మాసిడోనియాలోని జాలరులు కొక్కెమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు మెడక్రింద మొలచు మైనపురంగు ఈకలు రెండు కట్టెడి విధమును వర్ణించియున్నాడు. 1496 లో ఇంగ్లాండున అచ్చైన గాలపువిద్యా గ్రంథమున పండ్రెండు విధముల ఈకల ఎఱలు చెప్పబడినవి. వానికి వలసిన సంభారములు బాతు, కౌజు, కోడి, నెమలిపింఛపు పోచలు, నానావర్ణముల ఉన్ని మొదలైనవి. పెరటిలోను, పొలముగట్టునను దొరకువానితోనే ఆనాటివారు తృప్తులైరి.

దుర్లభములైన ఈకల మోహము పందొమ్మిదవ శతాబ్దిలో పుట్టినది. బ్రిటిష్ నౌకలు ప్రపంచపు నలుమూలలనుండి పక్షిచర్మములను మోసికొనివచ్చి, కొన్నిటిని ప్రదర్శనశాలలకును, అంతకు అనేకరెట్లు సీమదొరసానుల టోపీలకును సమర్పించుచున్న ఆ కాలమున, సాల్మను చేపలను వేటాడు శ్రీమంతులు తమ గాలములకును ఆ వైభవమును కోరిరి. లండనులో స్థిరపడిన ఐర్లండువాసి విలియం బ్లాకర్ ఈ రంగురంగుల కూర్పునకు ప్రాచుర్యము కల్పింపగా, జార్జి కెల్సన్ 1895 లో వెలువరించిన ‘ది సాల్మన్ ఫ్లై’ దానిని ఒక శాస్త్రమన్నంత ఆడంబరముతో నిలిపినది. ‘జాక్ స్కాట్’ అను సుప్రసిద్ధమైన ఎఱ యొక్కదానిలోనే చీనాదేశపు బంగారు ఫెజంటు, దక్షిణ అమెరికాలోని టూకాను, మకావు, ఎఱ్ఱకంఠపు ఫ్రూట్‌క్రో, నీలమణివంటి చాటరర్, వీనికి తోడు మన బట్టమేకపిట్ట జాతివానివి, అడవికోడివి ఈకలు చేరియుండును. ఈకయందలి పోచలను సూక్ష్మములైన కొక్కెములు ఒండొంటితో పెనవైచి యుంచునుగదా. ఒక పక్షిపోచను మఱియొక పక్షిపోచ ప్రక్కనుంచి వ్రేలితో మెల్లగా నిమిరినచో, అవి అట్లే కలసి, ఒకే రెక్కపై పలువన్నెల చారలుగా భాసించును. ఈ మేళవింపునందే కూర్పరి నైపుణ్యము తెలియును.

ఇంత చేసియు, గ్రుడ్లుపెట్టుటకు సముద్రమునుండి నదిలోనికి ఎదురెక్కి వచ్చు సాల్మను ఆ ప్రయాణములో ఆహారమే ముట్టదు. ఏ చిరాకుచేతనో, ఏ పూర్వాభ్యాసముచేతనో అది ఎఱను నోటబట్టుచున్నదిగాని, టూకాను రొమ్ముఈకకును రంగువేసిన కోడిఈకకును గల తారతమ్యమును విచారించి కాదు. కెల్సనాదులు మత్స్యమునకు ఆరోపించిన రసజ్ఞత వారిదేయని నా యభిప్రాయము.

ఈ ఈకలన్నిటిలో మనకు సన్నిహితమైనది గోదావరికి దక్షిణముననున్న అడవులలోను, పడమటి కనుమలలోను తిరుగు బూడిదవన్నె అడవికోడి. సోనెరా అను ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుని పేరు దాని శాస్త్రనామమున చేరినది. పుంజు మెడఈకల చివర పోచలు విడివడక ఒకటిగా అతుకుకొని, నునుపైన పలుకుగా మారి, తెలుపును పసుపును కలసిన లక్కబొట్టువలె మెఱయును. ఎఱకు ఇరుప్రక్కల దానినుంచినచో అది కన్నువలె కనబడును. ఆ బొట్టుకొఱకు లెక్కలేనన్ని పుంజులు మెడ లర్పించినవి. 1902 లో భారతప్రభుత్వము అడవిపక్షుల ఈకల ఎగుమతిని నిషేధించెను. 1921 లో బ్రిటన్ దిగుమతిని నిషేధించు శాసనము చేసెను. మన వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 లో వచ్చినది. నిషేధము వెంబడి దొంగరవాణాయు వచ్చినదని వేఱుగ చెప్పనేల?

అప్పుడు కూర్పరులు ప్రత్యామ్నాయముల నన్వేషించిరి. హంసఈకకు మాఱుగా రంగువేసిన బాతుఈక, బట్టమేకపిట్టకు మాఱుగా మచ్చల టర్కీకోడి ఈక సులభముగనే కుదిరినవి. పంజరపు మకావులు రాల్చిన ఈకలు ఏ ప్రాణికిని హాని లేక లభించినవి. చాటరర్ నీలిమ మాత్రము లొంగలేదు. అది రంగుపదార్థము కాదు, ఈకలోని సూక్ష్మనిర్మాణము వెలుగును చెదరగొట్టుటచే కలుగు కాంతి. కావున ఏ అద్దకమునకును ఆ తళుకు రాదు. లకుముకిపిట్ట ఈకతో కొందఱు సరిపెట్టుకొనిరి. అడవికోడి బొట్టునకు చిన్నపిట్టల ఈకలపై తెల్లరంగు పూసిరి, ప్లాస్టిక్ పలుకులపై బొమ్మ ముద్రించిరి. తుదకు బ్రిటన్‌లో ఆ కోళ్లనే పెంచి మెడల నమ్ముచున్నారు.

అసలుదానికి తప్ప దేనికిని తలయొగ్గని వ్యసనపరులును లేకపోలేదు. 2009 జూన్‌లో, సంగీతవిద్యార్థియు ఎఱలకూర్పునందు దిట్టయునైన యువకుడొకడు ఇంగ్లాండునందలి ట్రింగులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో రాత్రివేళ చొరబడి 299 పక్షిచర్మములను దొంగిలించెను. వానిలో ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు మలయా ద్వీపసముదాయమున స్వయముగా సేకరించినవియు ఉండెను. దొరకిన చర్మములు కొన్నిటికి, ఏ పక్షి ఎక్కడ, ఎన్నడు చిక్కినదో తెలుపు చీటీలు లేవు. చీటీ పోయిన చర్మము శాస్త్రజ్ఞునకు అంతగా కొఱగాదు.

నదిలో నిజముగా చేపలు పట్టువారు ఈ గొడవను ఏనాడో విడిచిరి. నేటి సాల్మను ఎఱలు చాలవఱకు ఉడుతతోకల, జింకతోకల వెండ్రుకలతో కట్టినవి. సాల్మను వానినీ అంతే ఆత్రముతో పట్టుచున్నది. అయినను ఆ వెండ్రుకల ఎఱలలో పెక్కింటి తలప్రక్కన అడవికోడి బొట్లు రెండు నేటికిని చేర్చుచునే యున్నారు.