కెమెరా పట్టే ముందు పెట్టె మోయాలి

పోయిన నెల బొంరాస్‌పేట నుంచి చిన్నాయన ఫోన్. "అరే, జర నువ్వన్న చెప్పు వానికి. ఇంజనీరింగ్ ఇడిసిపెట్టి ఫొటో స్టూడియోల పనికి పోతడంట. కెమెరా గూడ చేతికియ్యరు, లైట్లు మోసుడే!" ఇంట్లో సాఫ్ట్‌వేర్ వాణ్ణి నేనే కాబట్టి, బుద్ధులు చెప్పే డ్యూటీ కూడా నాదే అన్నమాట.

సరే, తమ్ముడికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే గుర్తొచ్చినాయన రాజా దీన్ దయాళ్. పాత హైదరాబాద్ ఫొటోలంటూ మనకు ఫార్వర్డ్ అయ్యేవాటిలో ఆయన తీసినవి చాలానే ఉంటాయి. ఆయనా ఇంజనీరే! 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీ థామసన్ కాలేజీలో (ఇప్పటి ఐఐటీ రూర్కీ) చదివి, 1866లో ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరాడు. అంచనాలు వెయ్యడం, డ్రాయింగులు గియ్యడం ఉద్యోగం. 1874లో సరదాగా కెమెరా పట్టుకున్నాడు. ఉద్యోగం మాత్రం వెంటనే వదల్లేదు. 1882లో లెపెల్ గ్రిఫిన్ అనే దొర వెంట బుందేల్‌ఖండ్ తిరిగి కోటలూ గుళ్ళూ ఫొటోలు తీశాడు. సికిందరాబాదులో స్టూడియో తెరిచేసరికి 1886. అంటే కెమెరా పట్టిన 12 ఏళ్ళకు!

ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకున్నది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. బొంరాస్‌పేట 2016 దాకా ఉన్న మహబూబ్‌నగర్ జిల్లాకు ఆ పేరు వచ్చింది ఈ నిజాం వల్లే. 1894లో ఆయనే దీన్ దయాళ్‌కి 'రాజా ముసవ్విర్ జంగ్ బహదూర్' బిరుదిచ్చాడు.

ఇంతవరకూ అందరూ చెప్పేదే. నాకు ఆసక్తి కలిగించింది వేరే సంగతి. ఆ స్టూడియోలో యాభై మంది దాకా పనిచేసేవారట. వాళ్ళంతా ఏం చేసేవారు?

ఆ రోజుల పద్ధతి చూస్తే అర్థమవుతుంది. 1851లో వచ్చిన తడి ప్లేట్ పద్ధతిలో గాజు పలకకు చీకట్లో రసాయనం పూసి, అది ఆరేలోపే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. అంటే ఫొటోగ్రాఫర్ ఎక్కడికెళ్తే అక్కడికి చీకటి గుడారం, సీసాలు, నీళ్ళు, గాజు పలకలు మోసుకెళ్ళాలి. ఆ తర్వాత పొడి ప్లేట్లు వచ్చి గుడారం మోత తప్పింది గానీ, పని తగ్గలేదు. గుడ్డు తెల్లసొన, వెండి లవణం పూసిన కాగితాన్ని నెగెటివ్‌కి ఆనించి ఎండలో పెట్టాలి. రంగు ఎక్కడ ఆపాలో కంటితోనే తేల్చాలి. కడగాలి, ఆరబెట్టాలి, అట్టకు అతికించాలి. ఒక్క పలక చెయ్యి జారితే ఫొటో పోయినట్టే, బ్యాకప్ లేదు.

ఇదంతా చేసిన సహాయకుల్లో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ పేర్లు తెలుసు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో పెట్టిన జనానా స్టూడియో చూసుకున్న కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళ పేరు తెలుసు. మిగతావాళ్ళవి? అట్ట మీద సంతకం ఒక్కటే ఉంటుంది కదా. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆ స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 కొన్నది. వాటిని పగలకుండా అన్నేళ్ళు కాపాడిన చేతుల్లో ఆ పేరులేని చేతులూ ఉన్నాయి.

మన దగ్గర కోడ్‌లో ఒక లైన్ మార్చినా ఎవరు మార్చారో రికార్డవుతుంది. పెళ్ళి ఆల్బమ్‌లో మాత్రం ఇప్పటికీ స్టూడియో పేరే. లైటు పట్టుకున్న కుర్రాడు ఆల్బమ్‌లో ఎక్కడా ఉండడు.

చిన్నాయనకు చెప్పాను, లైట్లు మోయడం తక్కువ పని కాదు, ఆ పనంతా నేర్చుకునేది అక్కడేనని. తమ్ముడికి రెండు మాటలు చెప్పాను. ఒకటి, దీన్ దయాళ్ లాగా చేతిలో ఉన్నది పూర్తిచేస్తూ సెలవుల్లో పనికి పో. రెండు, నువ్వు ఏ పెళ్ళిలో ఏం పని చేశావో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో, ఇంకెవరూ రాయరు.

అంతా విని వాడన్నాడు: "రాస్త గని అన్నా, ముహూర్తాలూ సెమిస్టర్ పరీక్షలూ ఒక్కపారే వస్తయ్. అప్పుడెట్ల?"

దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే చెప్పండి.