సున్నా కేసుల జిల్లాలు

2020 ఏప్రిల్ లో మా టీమ్ వాళ్ళకి నన్ను ఆటపట్టించటానికి రోజూ ఒక విషయం దొరికేది. అప్పటికి ఆంధ్రప్రదేశ్ లో ఉన్నవి 13 జిల్లాలు. వాటిలో 11 జిల్లాల్లో కరోనా కేసులున్నాయి. లేనివి రెండే: శ్రీకాకుళం, విజయనగరం. "మీ ఊరు రావటానికి వైరస్ కి కూడా బస్సు దొరకలేదేంట్రా" అని కాల్ లో నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. అప్పటికే లాక్‌డౌన్ కి ముందు టెక్కలి దగ్గర మా ఊరొచ్చేసి, మేడ మీద సిగ్నల్ దొరికే మూల వెతుక్కుని పని చేసుకుంటున్నాను. నిజం చెప్పాలంటే లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. వెనకబడిన జిల్లాల లిస్టు ఎవరు రాసినా మాది పైనే ఉంటుంది. ఒక్కసారైనా మంచి లిస్టులో పేరొచ్చింది కదా అని!

ఆ గర్వం ఎంత తెలివితక్కువదో అర్థం కావటానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మన వృత్తిలో ఉన్నవాడికి అంతసేపు పట్టకూడదు. లాగ్ ఫైల్ లో ఎర్రర్లు లేవంటే రెండే కారణాలు. ఒకటి, ప్రోగ్రామ్ లో తప్పుల్లేవు. రెండు, లాగింగ్ సరిగ్గా ఆన్ చెయ్యలేదు. బులెటిన్ లో సున్నా కూడా అంతే. జబ్బు లేకపోవటం వల్ల వచ్చిన సున్నా, వెతకలేకపోవటం వల్ల వచ్చిన సున్నా కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే పక్కన ఇంకో అంకె ఉండాలి: ఎన్ని శాంపిళ్ళు తీశారు, రిజల్టు ఎన్నాళ్ళకి వచ్చింది?

మా సున్నా ఉత్త అబద్ధం అనటం లేదు. విదేశాల నుంచి విమానం దిగినవాళ్ళు మావైపు తక్కువే. లాక్‌డౌన్ కూడా తొందరగానే వచ్చింది. కానీ మా జిల్లాల్లో అప్పటికి ఈ వైరస్ ని పరీక్షించే ల్యాబ్ లేదు. మొదట్లో ఉత్తరాంధ్ర శాంపిళ్ళు కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి వెళ్ళేవి. శ్రీకాకుళం నుంచి రెండొందల యాభై కిలోమీటర్లు. ఇచ్ఛాపురం నుంచైతే ఇంకో నూరు పైమాటే. ముక్కులోంచి తీసిన పుల్లని ఒక ద్రవం ఉన్న చిన్న గొట్టంలో పెట్టి, మూడు పొరల్లో చుట్టి, ఐస్ పెట్టెలో చల్లారకుండా చూసుకుంటూ, అంటే చల్లదనం పోకుండా చూసుకుంటూ, అంత దూరం తీసుకెళ్ళాలి. తర్వాత విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో పరీక్షలు మొదలయ్యాక దూరం సగానికి పైగా తగ్గింది. ఇంకొన్నాళ్ళకి శ్రీకాకుళం ప్రభుత్వ మెడికల్ కాలేజీలోనే ల్యాబ్ వచ్చింది. ఆ కాలేజీ కూడా 2008లో పుట్టినదే. విజయనగరానికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది 2023 సెప్టెంబర్ లో. అంటే మహమ్మారి అంతా అయిపోయాక.

ఈ దూరం కొత్తది కాదు. 1918 ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు మా శ్రీకాకుళం వైపు గంజాం జిల్లా, విజయనగరం వైపు విశాఖపట్నం జిల్లా, అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. పెద్ద ల్యాబ్ అంటే మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. 1899లో పెట్టారు, మశూచి టీకా మందు అక్కడే తయారయ్యేది. అయితే గిండీ పక్కనే ఉన్నా ఉపయోగం ఉండేది కాదనుకోండి. ఆ జబ్బుకి కారణం ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1892లో చూపించిన బాక్టీరియా అని లోకమంతా నమ్మింది. అసలు వైరస్ ని మనిషి నుంచి వేరుచేసి చూపించింది 1933లో, లండన్ లో. భారతదేశంలో కోటి మందికి పైగా పోయిన ఆ జబ్బులో ఒక్కరికి కూడా 'పాజిటివ్' అని రిపోర్టు రాలేదు, పరీక్షే లేదు కాబట్టి.

1952లో పూనాలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో వైరస్ పరిశోధనా కేంద్రం పెట్టారు. అదే ఇప్పటి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ. ఆ తర్వాత దశాబ్దాల పాటు దేశంలో ఎక్కడ కొత్త జబ్బు అనుమానం వచ్చినా పూనా వైపే చూసేవాళ్ళం. 2009 మే లో స్వైన్ ఫ్లూ దేశంలోకి మొదట మన హైదరాబాద్ లోనే దొరికింది. అప్పుడు కూడా టీవీల్లో రోజూ ఒకటే మాట: "శాంపిళ్ళు పంపాం, రిపోర్టు రావాలి". ఆ అనుభవం తర్వాతే, 2013లో, దేశమంతా 160 వైరస్ ల్యాబులు పెట్టాలని కేంద్రం పథకం వేసింది. పదేమో ప్రాంతీయ ల్యాబులు, ముప్పై రాష్ట్ర స్థాయివి, నూట ఇరవై మెడికల్ కాలేజీల్లో. మెడికల్ కాలేజీల్లో పెట్టాలనుకోవటం సబబే. కానీ ప్రభుత్వ మెడికల్ కాలేజీయే లేని జిల్లా సంగతేంటి? ఈ ప్రశ్నకి 2020లో మా విజయనగరం వాళ్ళు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

అసలు ఈ పరీక్ష ఏం చేస్తుందో క్లుప్తంగా చెప్తాను, ఎందుకు కష్టమో తెలియటానికి. కరోనా వైరస్ లో ఉండేది ఆర్‌ఎన్‌ఏ. దాన్ని శాంపిల్ లోంచి వేరుచెయ్యాలి. డీఎన్‌ఏగా మార్చాలి. తర్వాత మిషన్ లో వేడి చేస్తూ, చల్లారుస్తూ ఒక్కో రౌండుకి రెట్టింపు చేస్తూ పోవాలి. ముప్పై రౌండ్లకి ఒకటి నూరు కోట్లు దాటుతుంది (రెండుకి ముప్పయ్యో ఘాతం, మనకి కొత్తేం కాదు). ఎంత తక్కువున్నా పట్టుకుంటుంది, అదీ దీని బలం. ల్యాబ్ లో ఎవరో చేతులు మార్చిన చిన్న తుంపర కూడా నూరు కోట్లవుతుంది, అదీ దీని బలహీనత. 2020 జనవరిలో వైరస్ జన్యుక్రమం బయటికొచ్చిన రెండు వారాల్లోపే బెర్లిన్ వాళ్ళు పరీక్ష పద్ధతి ప్రచురించేశారు. అంత డబ్బున్న అమెరికా సీడీసీ మాత్రం ఫిబ్రవరిలో పంచిన మొదటి కిట్లు సరిగ్గా పనిచెయ్యక కొన్ని విలువైన వారాలు పోగొట్టుకుంది. కాబట్టి ల్యాబ్ కష్టాలు బీద జిల్లాలకే అనుకోవద్దు. బీద జిల్లాకి తప్పు దిద్దుకునే టైమ్ తక్కువ, అంతే.

మా సున్నా 2020 ఏప్రిల్ 25న చెరిగిపోయింది. శ్రీకాకుళం జిల్లా పాతపట్నం మండలంలో మూడు కేసులు. సరిగ్గా ఆ రోజే రాష్ట్రం మొత్తం లెక్క వెయ్యి దాటింది. విజయనగరం సున్నా మే 7 దాకా నిలబడింది. అప్పటికి రాష్ట్రంలో 1,800 దాటాయి.

ఈ మధ్యలోనే ర్యాపిడ్ కిట్ల కథ నడిచింది. ఏప్రిల్ 17న దక్షిణ కొరియా నుంచి లక్ష కిట్లు విమానంలో దిగాయి. ఒక్కోటి 730 రూపాయలు. ఛత్తీస్‌గఢ్ అదే కంపెనీ కిట్ ని 337కి కొన్నదని తెలిసి పెద్ద రాజకీయ గొడవైంది. ఎవరికైనా తక్కువకి ఇస్తే మేమూ అంతే కడతామని ఒప్పందంలో రాసుకున్నామని ప్రభుత్వం చెప్పింది. ధర గొడవలో అసలు విషయం మరుగున పడింది. అవి వైరస్ ని వెతికే కిట్లు కావు, వైరస్ మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలని వెతికేవి. జబ్బు మొదలైన మొదటి వారంలో అవి చాలామందిలో కనిపించవు. అంటే "ఊళ్ళో ఇదివరకు జబ్బు తిరిగిందా?" అన్న ప్రశ్నకి పనికొస్తాయి గానీ "ఈయన్ని ఇప్పుడు వేరే గదిలో ఉంచాలా?" అన్నదానికి పనికిరావు. ఏప్రిల్ 21న, వేరే కంపెనీల కిట్ల మీద రాజస్థాన్ నుంచి ఫిర్యాదులొచ్చాక, అన్ని రాష్ట్రాలనీ ఈ పరీక్షలు ఆపమంది ఐసీఎంఆర్. ఒక్క లెక్క చూడండి. లక్షమందిలో నిజంగా జబ్బున్నవాళ్ళు నూరుమంది అనుకుందాం. వందలో ఒక్కసారే తప్పుగా పాజిటివ్ చూపించే మంచి కిట్ అయినా, జబ్బు లేని 999 మందిని పాజిటివ్ అంటుంది. జబ్బు తక్కువున్న జిల్లాలో పాజిటివ్ ల్లో ఎక్కువ భాగం తప్పులే ఉంటాయన్నమాట.

ఇక మావాళ్ళు ఇంటికి రావటం మొదలైంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి ఏటా వేలమంది మత్స్యకారులు గుజరాత్ వేరావల్ వెళ్ళి బోట్ల మీద పనిచేస్తారు. లాక్‌డౌన్ లో అక్కడే చిక్కుకుపోయిన నాలుగు వేల మందికి పైగా ఏప్రిల్ చివర, మే మొదట్లో బస్సుల్లో తీసుకొచ్చారు. వాళ్ళ తర్వాత వలస కూలీలు. ఇంతమందికి ఒకేసారి పరీక్షలు చెయ్యాలంటే ఎలా?

ఇక్కడ మనవాళ్ళకి నచ్చే ఉపాయం ఒకటుంది. 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ అనే ఆయన అమెరికా సైన్యంలో చేరేవాళ్ళకి సిఫిలిస్ పరీక్షల కోసం చెప్పాడు: రక్తాలన్నీ కలిపి ఒకే పరీక్ష చెయ్యి. నెగెటివ్ వస్తే అందరూ నెగెటివ్. పాజిటివ్ వస్తేనే విడివిడిగా చెయ్యి. ఐసీఎంఆర్ 2020 ఏప్రిల్ 13న అయిదు శాంపిళ్ళ దాకా కలపొచ్చని చెప్పింది, జబ్బు రెండు శాతం కన్నా తక్కువున్న చోట్ల. నూటికి ఒక్కరికి జబ్బుంటే వందమందికి సుమారు 25 పరీక్షలు చాలు. పదిమందికుంటే 61 కావాలి. ముప్పై మందికుంటే 103, అంటే కలపటమే దండగ. అర్థమైందా? పరీక్షలు సులువుగా, చవగ్గా చేసుకోగలిగిన కాలం మా సున్నా కాలమే. జబ్బు పెరిగాక ఆ ఉపాయం చేతిలోంచి జారిపోతుంది.

రెండోది ట్రూనాట్. గోవా కంపెనీ మోల్‌బయో తయారుచేసిన చిన్న మిషన్, బాటరీ మీద నడుస్తుంది. అసలు టీబీ కోసం తెచ్చింది. శాంపిల్ వేసే ద్రవమే వైరస్ ని చంపేస్తుంది కాబట్టి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ఏప్రిల్ లో దీన్ని వడపోతకి మాత్రమే ఒప్పుకున్నారు, పాజిటివ్ వస్తే మళ్ళీ పెద్ద ల్యాబ్ కి పంపాల్సిందే. మే 19న రెండో దశ పరీక్ష కూడా దీనిమీదే చేసి ఖాయం చెయ్యొచ్చన్నారు. నా దృష్టిలో మా జిల్లాల చరిత్రలో ఇది పెద్ద మలుపు. మొదటిసారి శాంపిల్ ల్యాబ్ దగ్గరికి వెళ్ళటం కాకుండా, ల్యాబ్ శాంపిల్ దగ్గరికి వచ్చింది.

కానీ జులై వచ్చేసరికి వరద. జులై 29న రాష్ట్రంలో ఒక్కరోజే పదివేలు దాటాయి. మిషన్లున్నా మనుషులు చాల్లేదు. ప్రతి శాంపిల్ కీ ఒక ఫారం, ఒక నంబరు, ఐసీఎంఆర్ పోర్టల్ లో ఎంట్రీ. మా వీధిలో నాలుగిళ్ళకి ఒకటే ఫోన్ నంబరు ఇచ్చారు. ఎవరి రిజల్టు ఎవరికొచ్చిందో తెలుసుకోవటానికే ఒక పూట పట్టేది.

మా చిన్న తాతకి జొరం అప్పుడే. గురువారం శాంపిల్ తీశారు. అమ్మ గంటకోసారి మేడెక్కి "రిపోట్టొచ్చిందేటిరా?" అనేది. నేను పేజీ రిఫ్రెష్ చేస్తూ కూర్చునేవాణ్ణి, మన చేతిలో ఉన్న విద్య అదొక్కటే కదా. ఆదివారం తెల్లారి తాత పోయాడు. రిపోర్టు లేదు కాబట్టి పాజిటివ్ అనే అనుకోవాలి. అంతకు నెల ముందు, జూన్ 26న, పలాసలో ఒక పెద్దాయన పోతే, కరోనా అని తేలటంతో శవాన్ని జేసీబీలో శ్మశానానికి తీసుకెళ్ళారు. అది దేశమంతా చూసింది, అధికారులని సస్పెండ్ చేశారు. మా ఊళ్ళో అందరి కళ్ళల్లోనూ ఆ బొమ్మే ఉంది. ఎనిమిది మంది మనవలున్న మనిషిని నలుగురం తీసుకెళ్ళాం. మంగళవారం మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. నెగెటివ్.

ఆ నెగెటివ్ ని కూడా పూర్తిగా నమ్మలేం. పుల్ల సరిగ్గా లోపలికి వెళ్ళకపోయినా, రోజులు గడిచాక తీసినా నెగెటివే వస్తుంది. నేను ఎవర్నీ తిట్టటానికి ఇది రాయటం లేదు. పీపీఈ సూట్ లో చెమటలు కక్కుతూ మూడు షిఫ్టులు పనిచేసిన టెక్నీషియన్లని తిడితే పుట్టగతులుండవు. నాకు తెలిసిందల్లా ఒకటే. శనివారం వచ్చుంటే ఆ మెసేజ్ ఒక రిపోర్టు. మంగళవారం వచ్చింది కాబట్టి అది ఒక రికార్డు. ల్యాబ్ లో జరిగిన పని మాత్రం రెంటికీ ఒక్కటే.

ఆ రెండేళ్ళూ రోజూ బులెటిన్ లో ఎన్ని పరీక్షలు, ఎన్ని పాజిటివ్ లు, ఎంతమంది పోయారు అని చదివాం. శాంపిల్ తీసిన గంట నుంచి రిజల్టు చేతికొచ్చిన గంట దాకా జిల్లావారీగా ఎంత పట్టిందో ఆ బులెటిన్ లో నేనెప్పుడూ చూడలేదు. మన ఆఫీసుల్లో ఒక టికెట్ ఎన్ని గంటలు తెరిచుందో లెక్కపెట్టకుండా ఉండగలమా? ఈసారి ఏ కొత్త జబ్బు వచ్చినా ఆ ఒక్క గడి కూడా పెట్టమని అడగాలి, గట్టిగా. 2022లో జిల్లాలు విడగొట్టాక పార్వతీపురం మన్యం కొత్త జిల్లా అయింది. సీతంపేట కొండల మీద ఊళ్ళు ఇప్పుడు ఆ జిల్లావి. అక్కడి గొట్టం ఎన్ని గంటల్లో ల్యాబ్ కి చేరుతుందో, అదే నాకు అసలు అంకె.

ఈసారి మా జిల్లాకి సున్నా వస్తే మాత్రం నేను నవ్వను. ఎన్ని తీశారు, ఎన్నాళ్ళకి చెప్పారు అని అడుగుతాను.