కరణీకం పోయింది, రాత మిగిలింది

కృష్ణా జిల్లా మెట్టలోని తిరువూరు తాలూకా గ్రామాల్లోనూ, మిగతా ఆంధ్ర ప్రాంతంలో లాగే, 1984 వరకు భూమి లెక్కలు రాసింది కరణమే. సిస్తు వసూలు మునసబు పని. ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాల ఎన్ని సెంట్ల భూమి ఉంది, పట్టా ఎవరిది, సాగు ఎవరిది, ఈ ఏడు ఏ పైరు వేశారు అన్నది కరణం అడంగల్‌లో ఎక్కించేవాడు. జమాబందీ, అంటే ఏటా జరిగే లెక్కల తనిఖీ, వచ్చిందంటే ఆ దస్త్రాలను మూటగట్టుకొని వెళ్లి పై అధికారుల ముందు లెక్క ఒప్పజెప్పాలి. తాలూకా సరిహద్దు దాటి ఖమ్మం జిల్లాలో అడుగుపెడితే నిజాం నాటి పద్ధతి కనిపించేది. అక్కడ ఈ పని పట్వారీది, అడంగల్ స్థానంలో పహాణీ ఉండేది.

కరణీకం తండ్రి నుంచి కొడుక్కు వచ్చే కొలువు. ఆ ఆచారానికి బ్రిటిషు పాలనలో చట్టబలం కూడా చేకూరింది. జమీందారీ గ్రామాలకు 1894లో, రైత్వారీ గ్రామాలకు 1895లో మద్రాసు ప్రభుత్వం చట్టాలు చేసింది. చాలా ఊళ్లలో నియోగి బ్రాహ్మణ కుటుంబాలే ఈ పదవిలో ఉండేవి. పిల్లవాడు బడికి పోతూనే తండ్రి వెంట పొలాల్లో గొలుసు పట్టడం, హద్దురాళ్లు గుర్తించడం, పాత దస్తావేజుల్లోని గొలుసుకట్టు రాతను చదవడం నేర్చుకొనేవాడు. ఈ చదువుకు పరీక్ష లేదు, పట్టా లేదు. ఊరంతటికీ అవసరమైన విద్య ఒకే ఇంటి గోడల మధ్య ఉండిపోవడం ఆ ఏర్పాటులోని పెద్ద అన్యాయం. ఎంత చదువుకున్నా మరో కులం కుర్రవాడికి ఆ కొలువు దక్కేది కాదు.

ఈ అన్యాయం మీద తొలి దెబ్బ న్యాయస్థానంలో పడింది. తెనాలి తాలూకాలోని ఒక గ్రామోద్యోగం గురించి గాజుల దశరథరామారావు వేసిన వ్యాజ్యంలో, వంశాన్ని బట్టి పదవి ఇవ్వడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో తేల్చింది. చట్టంలో వారసత్వం పోయినా, పని తెలిసినవారు ఆ కుటుంబాల్లోనే ఉండడంతో ఊళ్లలో పరిస్థితి వెంటనే మారలేదు.

1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులను రాష్ట్రమంతటా రద్దు చేసింది. కరణాలు, మునసబులు, పటేళ్లు, పట్వారీలు ఒక్కసారిగా కొలువు కోల్పోయారు. వారు కోర్టుకెక్కినా, 1985లో టి. వెంకటరెడ్డి కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షానే తీర్పు చెప్పింది. అదే ఏడాది తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. తిరువూరు మండల కేంద్రమైంది.

దస్త్రాలు ప్రభుత్వానికి చేరాయి గానీ, వాటిని చదివే నేర్పు పాత కరణాల దగ్గరే ఉండిపోయింది. కొందరు సేద్యంలోకి దిగారు. మరికొందరు సబ్ రిజిస్ట్రారు కార్యాలయాల చుట్టుపక్కల దస్తావేజు లేఖరులుగా కుదురుకున్నారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి అమ్మకం చెల్లాలంటే దస్తావేజు రాయించి రిజిస్టరు చేయించాలి. అందులో నాలుగు దిక్కుల హద్దులు, సర్వే నంబరు, విస్తీర్ణం, ఆస్తి అమ్మేవారికి ఎలా సంక్రమించిందన్న వివరం తప్పు లేకుండా ఉండాలి. ఇవన్నీ కరణానికి కొట్టినపిండి. పట్టాదారు పాసుపుస్తకాల కోసం, తెల్లకాగితం మీద జరిగిన కొనుగోళ్లను క్రమబద్ధం చేయించుకోవడం కోసం వచ్చే రైతులకూ అర్జీ రాసిపెట్టే మనిషి కావలసి వచ్చింది.

జీతం పోయి రుసుము వచ్చింది. కొనుగోళ్లు సాగే రోజుల్లో చేతినిండా పని, మూఢం వస్తే ఖాళీ. అంతకంటే పెద్ద మార్పు అధికారంలో వచ్చింది. ఒకప్పుడు రైతు కరణం అరుగు దగ్గర చేతులు కట్టుకొని నిలబడేవాడు. ఇప్పుడు రాత నచ్చకపోతే పక్క లేఖరి దగ్గరకు పోగలడు. మంచి పేరు తెచ్చుకుంటేనే తిండి గడిచే స్థితి వచ్చింది. ఇతర కులాల వారూ ఈ వృత్తిలోకి రావడంతో విద్య ఇల్లు దాటింది. 1984 నిర్ణయం వల్ల కలిగిన మేళ్లలో ఇది తక్కువగా చెప్పుకొనేది. అయితే గ్రామ లెక్కలకు తగిన ప్రత్యామ్నాయం సిద్ధం చేయకుండానే పదవులు తీసేయడం పొరపాటు. ఆ లోటును భూమి తగాదాల రూపంలో రైతులు భరించారు.

1998లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చాయి. తర్వాత అడంగల్ కూడా ఆన్‌లైన్‌కు ఎక్కింది. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో భూముల రీసర్వే మొదలైంది. తిరువూరు 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఇన్ని మారినా పాత దస్తావేజుల అవసరం తీరలేదు. ఈ ప్రాంతంలో పొలం కొనేవారు తెర మీద కనిపించే అడంగల్‌తో సరిపెట్టుకోకుండా, ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లను చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి, పాత దస్తావేజుల నకళ్లు తెప్పించి, తెలిసినవారి చేత చదివించుకోవాలి.