ఆర్నెల్ల గడువు

కోడ్‌లో ఒక లైను ఎప్పుడొచ్చింది, ఎప్పుడు తీసేశారు, మళ్ళీ ఎందుకు పెట్టారు అని వెనక్కి తవ్వుకుంటూ పోవడం నా ఉద్యోగంలో రోజూ ఉండే పనే. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్‌లోని మూడో సబ్‌సెక్షన్‌ని కూడా అలాగే చదివాను. రోడ్డు ప్రమాదంలో ప్రాణం పోయినా, దెబ్బలు తగిలినా ఎన్నాళ్లలోపు నష్టపరిహారం అడగాలో చెప్పే లైను అది.

దీని మూలాలు ఇంగ్లండులో ఉన్నాయి. గుర్రపు బండి బోల్తా పడి భార్య చనిపోయిన ఒకాయన దావా వేస్తే, మనిషి చావు సివిల్ కోర్టులో నష్టం కిందికి రాదని 1808లో బేకర్-బోల్టన్ కేసులో తేల్చారు. అంటే కాలు విరిగితే దావా ఉంది, ప్రాణం పోతే లేదు! రైళ్లొచ్చాక, 1846లో లార్డ్ క్యాంప్‌బెల్ చట్టం ఆ హక్కు ఇచ్చింది, పన్నెండు నెలల్లోపు కోర్టుకు రావాలన్న షరతుతో. 1855లో దాని నమూనాలోనే మన దేశంలో చట్టం చేశారు. దాని కింద వేసే దావాలకు 1908 లిమిటేషన్ చట్టం ఏడాది గడువిస్తే, 1963 చట్టం దాన్ని రెండేళ్లు చేసింది.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్లది వేరే లెక్క. 1988 చట్టంలో ఆర్నెల్లు; సరైన కారణం చూపిస్తే ఏడాది దాకా. 1994 నవంబరు 14 నుంచి ఆ లైను మొత్తం తీసేశారు. గడువు సంగతే తెలియని కుటుంబాలకు ఘోరమైన అన్యాయం జరుగుతోందని పార్లమెంటు గుర్తించిందని, 1996లో ధన్నాలాల్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది.

2019 సవరణ ఆ ఆర్నెల్లను మళ్ళీ తెచ్చింది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాతదాంట్లో ఉన్న ఏడాది వెసులుబాటు మాత్రం వెనక్కి రాలేదు.

గడువే వద్దని నేననను. సాక్షులు మర్చిపోతారు, బండ్లు చేతులు మారతాయి. పోలీసులు పంపే ప్రమాద నివేదికనే దరఖాస్తుగా తీసుకోవాలని పక్క సబ్‌సెక్షన్ చెప్తోంది కూడా. కానీ అది ట్రిబ్యునల్‌కి చేరిందో లేదో కనుక్కుంటూ తిరగాల్సింది, సంపాదించే మనిషిని పోగొట్టుకున్న ఆ ఇంటివాళ్లే.

మన ఇళ్లలో నెలనెలా మాసికాలు పెట్టి, ఏడాదికి సంవత్సరీకం చేస్తారు. 1846 నాటి బ్రిటిష్ పార్లమెంటు కూడా ఏడాది ఆగింది. మన చట్టం ఆరో మాసికంతోనే తలుపు వేసేస్తోంది.