ప్రశ్నావళికి అందని పీరు: తెలంగాణలో ముస్లిం ఆచారాలపై ఒక పరిశీలన

ప్రవేశిక

హైదరాబాదు ఆగ్నేయపు అంచున, బాలాపూర్ పక్కన ఉన్న అల్మాస్‌గూడ పేరులోనే రెండు భాషలున్నాయి. ఫార్సీ, ఉర్దూల్లో అల్మాస్ అంటే వజ్రం. గూడ మన మాట. పలికేటప్పుడు ఎవరూ దాన్ని విడదీయరు. మతవిశ్వాసాన్ని లెక్కగట్టే సర్వేలకు మాత్రం మనిషిని ఊరి నుంచి విడదీసి అడగక తప్పదు. తెలంగాణ పల్లెల్లో ఆచారం చాలావరకు ఊరుమ్మడి పని. ఈ తేడా వల్ల లెక్కలోంచి ఏది జారిపోతుందో చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

సర్వేలు చెప్పేది

ప్యూ పరిశోధన కేంద్రం 2012లో 39 దేశాలు, ప్రాంతాల ముస్లింలపై ఒక నివేదిక వెలువరించింది. 80కి పైగా భాషల్లో 38,000 మందికి మించి మాట్లాడి తయారుచేసిన నివేదిక అది. దేవుడు ఒక్కడేననీ, ముహమ్మద్ ఆయన ప్రవక్త అనీ నమ్మడంలో దేశాల మధ్య పెద్దగా తేడా కనిపించలేదు. తేడా ఆచరణ దగ్గర వచ్చింది. దేశాల మధ్యగతం చూస్తే రంజాన్ ఉపవాసం 93 శాతం, జకాత్ 77, ఐదుపూటల నమాజు 63, హజ్ 9. దర్గాలకు పోవడం ఇస్లాంలో చెల్లుతుందా అన్న ప్రశ్నకు దేశానికో జవాబు దొరికింది.

ఆ జాబితాలో భారతదేశం లేదు. అదే సంస్థ మన దేశంలో 29,999 మందిని అడిగి 2021లో విడిగా నివేదిక ఇచ్చింది. కర్మను నమ్ముతామన్న ముస్లింలు 77 శాతం; హిందువుల్లోనూ సరిగ్గా అంతే. ఒక్కొక్కరినీ విడిగా అడిగినా ఇరుగుపొరుగు జవాబులోకి వచ్చి కూర్చుందన్నమాట.

పీరీల కొట్టంలో

క్రీ.శ. 680లో ముహర్రం పదో రోజున కర్బలాలో ఇమామ్ హుసేన్ అమరుడయ్యాడు. గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు షియాలు. చార్మినార్ కట్టించిన ముహమ్మద్ కులీయే నగరంలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానానూ నిలిపాడు. అక్కడ హుసేన్ జ్ఞాపకంగా నిలిపే లోహపు జెండా అయిన అలం పల్లెకు చేరేసరికి పీరు అయింది. దాన్ని నిలబెట్టే పల్లెల్లో షియాలు అరుదు.

ముహర్రం పండుగ రోజుల్లో పీరును తోమి, గంధం పూసి, దట్టీలు కడతారు. ఊదు పొగలో ముజావరు ఫాతెహా చదువుతాడు. మొక్కిన ఇళ్ల నుంచి మలీద ముద్దలు, షర్బత్ బిందెలు వస్తాయి. ఆలువ అనే నిప్పుల గుంట తవ్వడం, నిప్పు రాజేయడం, డప్పు కొట్టడం ఒక్కొక్కరి వంతు. చాలా ఊళ్లలో పీరు ఎత్తేది హిందువే. సర్వేవాళ్లు అడిగితే అతను హిందువుననే చెబుతాడు. మరి అతను నిప్పుల చుట్టూ తిరిగిన రాత్రిని ఏ గడిలో రాయాలి?

హిజ్రీ ఏడాదికి సుమారు 354 రోజులు. అందుకే పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరిగి, దాదాపు 33 ఏళ్లకు మళ్లీ అదే కార్తెకు వస్తుంది. కర్బలా ఒకటే అయినా రైతుకు అది ఒకప్పుడు విత్తనాల నాటిది, ఇంకొకప్పుడు కోతల నాటిది.

అభ్యంతరం

దీన్ని మతసామరస్యానికి బొమ్మగా చూపి ఊరుకోవడం సరికాదు. అల్లాకు మరొకరిని సాటి చేయడం షిర్క్. ఆ లెక్కన పీరుకు మొక్కడం తప్పని అహ్లె హదీస్ వంటి పంథాలవాళ్లు గట్టిగా వాదిస్తారు. తెలుగే ఇంటిభాషగా ఉన్న దూదేకుల కుటుంబాలకు ఈ వాదం దూరపు చర్చ కాదు. ఏ ఆచారం ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్నది ఇంట్లోనే తేల్చుకోవాలి. పీరు ముందు నిలబడని ముస్లింది కూడా విశ్వాసమే. ఊరుమ్మడితనాన్ని పొగిడే తొందరలో పరిశోధకుడు అతని మాట వదిలేస్తే లెక్క మళ్లీ తప్పుతుంది.

ముగింపు

నమ్ముతారా, ఎన్నిసార్లు చేస్తారు అన్న ప్రశ్నలకు మరో మూడు చేర్చాలి: ఎవరితో కలిసి చేశారు? అందులో మీ వంతు పనేమిటి? ఆ వంతు మీకు ఎవరి నుంచి వచ్చింది? అల్మాస్‌గూడ లాంటి చోట్ల ఇవి మరింత అవసరం. ఊళ్లు కాలనీలైన ఈ శివారుకు ప్లాటు కొని వచ్చిన కుటుంబం నమాజునూ, ఉపవాసాన్నీ వెంట తెచ్చుకోగలదు. మొక్కు ఉంటే పహాడీ షరీఫ్‌లో బాబా షర్ఫుద్దీన్ దర్గాకు పోగలదు. పాత ఊరిలోని వంతును మాత్రం మోసుకురాలేదు. అందుకని నాలుగో ప్రశ్న కూడా కావాలి: ఇక్కడికి ఏ ఏడాది వచ్చారు?