నీటికాసులు: ఒత్తిడి, కంటి రక్తప్రసరణ

నీటికాసులు (గ్లాకోమా) కంటినరాన్ని చాలావరకు నొప్పి తెలియకుండానే తినేసే జబ్బు. పోయిన చూపు తిరిగి రాదు. కంట్లో ఒత్తిడి పెరగడమే మూలమని చాలాకాలం నమ్మారు. హైదరాబాద్‌ ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ నుంచి లలిత్ దండోనా బృందం 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఓపెన్ యాంగిల్ (కంటి ద్రవం బయటికి పోయే కోణం తెరిచే ఉన్నా వచ్చే) రకం ఉన్నట్టు తేలినవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఒత్తిడి మామూలుగానే ఉంది. నూటికి తొంభై మందికి పైగా అప్పటిదాకా జబ్బున్న సంగతే తెలియదు. కాబట్టి ఎక్కడైనా ఒత్తిడి ఒక్కటే కొలిచే కంటి శిబిరం చాలామందిని వదిలేస్తుంది. కంటినరం తలను, అంటే నరం కంట్లో మొదలయ్యే చోటును కూడా చూడాలి.

మరి నరాన్ని దెబ్బతీస్తున్నదేమిటి? రక్తప్రసరణ లోపం ఒక సమాధానం. ఎల్.వి. ప్రసాద్ సంస్థలోనూ తర్వాత బెంగళూరు నారాయణ నేత్రాలయలోనూ పనిచేసిన హర్ష ఎల్. రావు బృందం 2016 నుంచి ఓసీటీ యాంజియోగ్రఫీతో నరం చుట్టూ సూక్ష్మనాళాల సాంద్రతను కొలిచింది. రంగుమందు ఎక్కించకుండా, కదిలే రక్తకణాల వల్ల మారే కాంతి సంకేతాన్నే ఈ యంత్రం నాళాల పటంగా మారుస్తుంది. జబ్బున్న కళ్లలో ఆ సాంద్రత తక్కువగా కనిపించింది. నరం చచ్చాక రక్తం అవసరం తగ్గి నాళాలు పలచబడ్డాయేమోనన్న అభ్యంతరం గట్టిదే. ఒక్కసారి తీసిన కొలత దాన్ని తేల్చలేదు. మరోవైపు, మామూలు ఒత్తిడి ఉన్నవారిలోనూ ఆ ఒత్తిడిని 30 శాతం తగ్గిస్తే జబ్బు నెమ్మదించిందని 1998 నాటి అమెరికా చికిత్సా ప్రయోగం చూపింది. అయినా ఇది రక్తప్రసరణ వాదాన్ని కొట్టేయదు: నరానికి రక్తాన్ని నెట్టేది రక్తపోటుకూ కంటి ఒత్తిడికీ ఉన్న తేడాయే గనుక, ఒత్తిడి తగ్గితే రక్తానికీ దారి సులువవుతుంది. రాత్రివేళ రక్తపోటు మరీ పడిపోవడం నరానికి చేటని నేత్రవైద్య పరిశోధకుడు సోహన్ సింగ్ హేరే 1994లో హెచ్చరించడం కూడా ఈ లెక్కతోనే కుదురుతుంది.